విరవని తొలి కత్తి

నీలకంధర రాజ్యంలో రాజకుమారులకు తగిన వ్యసనాలు కావలసినన్ని ఉన్నాయి. వేటకు వెళ్ళవచ్చు, పావురాలను పెంచవచ్చు, పాచికలాడి గుర్రపుశాలలు పోగొట్టుకోవచ్చు. ఎవరూ కాదనరు. చిత్రభానుడికి మాత్రం ఇవేవీ రుచించలేదు. ఆయనగారికి కొలిమి పిచ్చి పట్టింది.

ఎలా పట్టిందంటారా? కోటగుమ్మం పక్కన కమ్మరి గురివమ్మ ఎర్రగా కాలిన ఇనుమును దాగలి మీద పెట్టి సాగగొడుతుండగా, పట్టపుటేనుగు మీద ఊరేగుతున్న మనవాడు ఏనుగును ఆపించి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. వెనక ఊరేగింపంతా నిలిచిపోయింది. భజంత్రీలు వాయించిందే మళ్ళీ వాయించి అలిసిపోయారు. మర్నాడే తన ఉద్యానవనంలో పాడుపడిన నెమళ్ళసాల ఒకటి చూసుకుని, అందులో గొయ్యి తవ్వి కొలిమి పెట్టాడు.

ఆ ఉద్యానవనం సామాన్యమైనది కాదు. చలువరాతి కాలువల్లో పన్నీరు పారేది. పొగడచెట్ల నీడల్లో స్ఫటికపు అరుగులు, అరుగుల చుట్టూ మరకతాలు తాపిన పూలకుండీలు, వాటి మధ్య మెడలు సాచి నడిచే రాజహంసలు. అటువంటి చోట బొగ్గుల బస్తాలు దిగాయి. దాగలి లేదని ఏనుగును కట్టే ఇనుపదిమ్మను పెరికించి తెప్పించాడు. మేకతోలుతో తిత్తి తానే కుట్టుకున్నాడు గాని, గాలిమూతను తిరగేసి కుట్టాడు. ఊదగానే అది గాలి వదలడం మాని నిప్పును లోపలికి పీల్చుకుంది. తిత్తి తగలబడిపోయింది, దానితోపాటు రాకుమారుడి మీసం సగం పోయింది. హంసలు మసి పట్టి కాకుల్లా తయారయ్యాయి. అయినా మనవాడు తగ్గలేదు.

ఆ పిచ్చిని చూసి మురిసిపోయిన మనిషి లోకంలో ఒక్కతే. అతని అక్క కువలయదేవి. తండ్రి పోయాక రాజ్యభారమంతా ఆమె మీదే పడింది. సభలో కళ్ళెత్తి చూస్తే చాలు, మంత్రులు మాట మింగేసేవారు. అలాంటిది సాయంత్రం కాగానే పట్టుచీర కొంగు నడుముకు బిగించి, తమ్ముడి కొలిమి దగ్గర కూర్చుని తిత్తి ఊదేది.

"మంత్రులు చూస్తే నవ్వుతారక్కా" అనేవాడు చిత్రభానుడు.

"నవ్వనీరా భానూ. పొద్దంతా వాళ్ళను చూసి నేను నవ్వాపుకోవడం లేదూ?" అనేది ఆమె.

తండ్రిగారి విరిగిన ఈటెమొనను కాల్చి, సాగగొట్టి, చిత్రభానుడు తన తొలి కత్తి చేశాడు. దానికి పనసకొయ్య పిడి తొడిగాడు. కత్తి రేకు, అదే అలుగు, ఎడమవైపుకు కాస్త వంకర పోయింది. మధ్యలో ఒకచోట సుత్తి దెబ్బ గుంటలా మిగిలిపోయింది. ఆ కత్తిని చూస్తే ఏ కమ్మరైనా జాలిపడతాడు. కువలయదేవి దానిని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నాకిచ్చెయ్యి. నా నడుముకు పెట్టుకుంటాను" అంది.

చిక్కంతా అక్కడే వచ్చింది. గురివమ్మ ముందే చెప్పి ఉంచింది: "తొలి కత్తిని చేసినోడే ఇరిసి, ముక్కలు కొలిమిలో ఎయ్యాల దొరా. మా కమ్మరోళ్ళ ఇళ్ళల్లో అదే మొదటి పని. తొలి కత్తిలో మనిసి తన ఆశంతా పోస్తాడు. అంత ఆశ పోసిన ఇనుము తలుపు తీసిపెట్టిన ఇల్లు. ఎవురైనా దూరొచ్చు, దేన్నైనా దాసిపెట్టొచ్చు."

కమ్మరి కడుపున పుట్టినవాడు నోరు మూసుకుని విరిచేవాడే. మనవాడిది సరదాకు పట్టిన సుత్తి కదా, మనసొప్పలేదు. అక్క అంత ముచ్చటపడి అడిగితే ఎలా విరుస్తాడు? పాత కొడవలి ఒకటి విరిచి, గురివమ్మ చూస్తుండగా ఆ ముక్కలను కొలిమిలో వేశాడు. ఆమె నమ్మి తల ఊపి వెళ్ళిపోయింది. కత్తి అక్క నడుముకు చేరింది.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం రాజవీధిలో కేక వినిపించింది.

"సాన పడతాం... కత్తులకు, కత్తెరలకు, కత్తిపీటలకు సాన పడతాం..."

బూడిదరంగు జడలు, గుంటకళ్ళు, భుజాన బండంత సానచక్రం మోస్తూ ఒకడు కోటలోకి వచ్చాడు. వంటశాలవాళ్ళు కత్తిపీటలు పట్టుకుని చుట్టూ మూగారు. సభ చాలించి వస్తున్న కువలయదేవి కూడా ఆగింది. నడుమున ఉన్న కత్తి తీసి అతని చేతికిచ్చింది.

వాడు దానిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "ఇది తొలి కత్తిలా ఉందే తల్లీ. ఎవరి చేతిది?"

"మా తమ్ముడి చేతిది" అంది ఆమె, గర్వం దాచుకోకుండా. "వంకర చూసి నవ్వకు. పదును మాత్రం పెట్టు."

"నవ్వుతానా తల్లీ? ఇలాంటిదాని కోసం ఎన్ని రాజ్యాలు తిరిగానో నాకే తెలుసు."

చక్రం గిర్రున తిరిగింది. నిప్పురవ్వలు లేచాయి. వాడు పదును పెట్టిన కత్తిని మొన ముందుకు పెట్టి అందించాడు. మర్యాద తెలిసినవాడెవడూ కత్తిని అలా ఇవ్వడు. కువలయదేవి అందుకోబోయింది, వేలికి మొన గుచ్చుకుంది. రక్తపుబొట్టు అలుగు మీద పడిందో లేదో ఆమె పాదాల నుంచి పొగ లేచింది. నగలు, చీర, మనిషి అంతా ఒక్క పొగచారగా మారి కత్తిలోకి ఇంకిపోయింది.

అప్పుడే కొలిమి దగ్గరనుంచి వస్తున్న చిత్రభానుడు ఆ ఘోరాన్ని కళ్ళారా చూశాడు. చేతిలో ఉన్న సుత్తిని విసిరాడు. ఆ వచ్చినవాడు సానవాడు కాదు, భస్మకేశుడనే మాంత్రికుడు. వాడు తల పక్కకు తిప్పుకుని చక్రం మీదికి ఎగిరి కూర్చున్నాడు.

"నీ పనితనం మెచ్చాను కుర్రాడా. ఇంకో కత్తి చేస్తే కబురు పెట్టు" అన్నాడు. చక్రం గింగిరాలు తిరుగుతూ గాలిలోకి లేచి, కోట బురుజులు దాటి, ఉత్తరాన పొగకొండల వైపు వెళ్ళిపోయింది.

చిత్రభానుడు పరుగున వెళ్ళి గురివమ్మ కాళ్ళ మీద పడ్డాడు. జరిగింది చెప్పాడు. ఆమె సమ్మెట కింద పెట్టింది.

"నిజం చెప్పు దొరా. ఆ పొద్దు కొలిమిలో ఏసింది ఏంది?"

"పాత కొడవలి."

గురివమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

"వాడు తొలి కత్తుల కోసరమే తిరుగుతాడు" అంది ఆమె. "కత్తిలో మనిసిని బంధిస్తాడు. రోజూ సాన పడతాడు. రాతి మీద రాలిన రజను తేనెలో కలిపి తాగుతాడు. ఆ రజను ఇనుము కాదు దొరా, లోపలున్న మనిసే. కత్తి అరిగే కొద్దీ మనిసి అరిగిపోతుంది. అలుగు అయిపోతే ఆ తల్లి కూడా అయిపోతుంది."

"దారి లేదా?"

"ఉండాది. చేసిన చెయ్యే ఆ కత్తిని ఇరవాల. ఇంకెవురు ఇరిసినా లోపల మనిసి సస్తుంది. నువ్వు ఇరిస్తే, ఇరిసిన చోటే బయటికొస్తుంది. ఎంత అరిగిపోయిందో అంతే మిగుల్తుంది, పోయింది మళ్ళీ రాదు. ఇంక నిలబడబాక, పో."

చిత్రభానుడు ముందూ వెనకా చూడలేదు. కిరీటం, కుండలాలు తీసి గురివమ్మ గడపలో పెట్టాడు. ఆమె కొడుకు వదిలివెళ్ళిన మసి పంచె కట్టుకుని, నడుమున ఆకురాయి దోపుకుని, గుర్రమెక్కి పొగకొండల దారి పట్టాడు.

ఆ దారి వర్ణించడానికి కూడా భయం వేస్తుంది. చెట్లన్నీ నిలువునా కాలి నల్లటి కొయ్యలై నిలబడ్డాయి. నేలంతా వెచ్చటి బూడిద. ఆకాశం రాగిరేకులా ఎర్రబారి ఉంది, దాని మీద ఇనుపరెక్కల రాబందులు నిదానంగా తిరుగుతున్నాయి. అవి రెక్క విదిలిస్తే ఈకలు బాకుల్లా వచ్చి నేలలో దిగబడుతున్నాయి. ఒక ఈక గుర్రం మెడలో దిగింది. గుర్రం కూలిపోయింది. చిత్రభానుడు జీనును పెరికి నెత్తిన పెట్టుకుని పరుగుతీశాడు. ఈకలు జీనులో టపటపా గుచ్చుకుంటున్నాయి. కాలికింద బూడిద జారుతోంది. పడి, లేచి, మళ్ళీ పడి, చివరికి కొండమొదట్లో ఉన్న రాతిచూరు కిందికి దొర్లాడు.

హమ్మయ్య అనుకునేలోపే పెద్ద అరచెయ్యి ఒకటి అతన్ని మెడపట్టి పైకెత్తింది. తాటిచెట్టంత రాక్షసి. నోట్లోంచి బయటికి వచ్చిన కోర ఒకటి చిట్లి, దాని పెదవిని కోసేస్తోంది. నోరు తెరిస్తే నెత్తురు కారుతోంది.

"తినడానికి వచ్చావా, నాకు తిండి కావడానికి వచ్చావా?" అంది రాక్షసి మూలుగుతూ.

"ఆ నోటితో ఎలా తింటావమ్మా? ముందు ఆ కోర సంగతి చూడనీ" అన్నాడు చిత్రభానుడు. చెయ్యి నడుమునున్న ఆకురాయి మీదికి వెళ్ళింది.

రాక్షసి అతన్ని మోకాలి మీద కూర్చోబెట్టుకుంది. మనవాడు దాని నోట్లోకి సగం దూరి, చిట్లిన కోరను ఆకురాయితో నున్నగా రాచాడు. వాసనకు కళ్ళు తిరిగాయి. అయినా అంచుల్లో గరుకు లేకుండా, పెదవికి తగలకుండా చక్కగా రాచాడు. సొంత కత్తి మీద కూడా అంత శ్రద్ధ పెట్టలేదు.

రాక్షసి నాలుకతో తడిమి చూసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఎన్నాళ్ళకు నెప్పి తగ్గిందిరా అయ్యా. పైకి వెళ్తావా, వెళ్ళు. ఆ ముసలాడికి భుజం పట్టేసింది, సాన పట్టే మనిషి కోసం వెతుకుతున్నాడు. పనివాడినని చెప్పు. ఇంతకు మించి అడక్కు, నాకూ ఒక ప్రాణం ఉంది" అని వదిలేసింది.

కొండ నెత్తిన భస్మకేశుడి గుహ. లోపలికి అడుగు పెట్టగానే చిత్రభానుడి కాళ్ళు ఆగిపోయాయి. కప్పు నుంచి, గోడల నుంచి కత్తులు వేలాడుతున్నాయి. వంకరవి, కురచవి, పిడి సరిగా అతకనివి, మొన మొద్దువి. ఎక్కడెక్కడి కుర్రవాళ్ళో ఆశపడి చేసి, విరవలేకపోయిన తొలి కత్తులు. గాలి వీచినప్పుడల్లా వాటిలోంచి సన్నగా మనుషుల మూలుగు వినిపిస్తోంది. గుహ నడుమ కొలిమి మండుతోంది, పక్కనే దాగలి, సుత్తి, పట్టకారు, నీళ్ళతొట్టి, సానచక్రం.

"ఎవడురా?" అన్నాడు భస్మకేశుడు, భుజం రుద్దుకుంటూ.

మసి పూసుకున్న మొహాన్ని ఇంకాస్త దించుకుని, "సాన పట్టేవాడిని సామీ. పని ఉందని విని వచ్చినా" అన్నాడు చిత్రభానుడు, గురివమ్మ యాసను అరువు తెచ్చుకుని.

"మాటలెందుకు? చెయ్యి చూపించు." మాంత్రికుడు నడుమునుంచి ఒక కత్తి తీసి అతని ముందు పడేశాడు. "దీనికి పట్టు. కొత్త సరుకు, రజను బాగా రాలుతుంది."

పనసకొయ్య పిడి. ఎడమకు వంకర పోయిన అలుగు. వాడు అప్పుడే అంచును చాలా తినేశాడు. అలుగు వెడల్పు తగ్గిపోయి ఉంది.

చిత్రభానుడు వంగి దాని పిడి పట్టుకున్నాడు. విరిచేద్దామా అంటే వాడు మూరెడు దూరంలో నిలబడి ఉన్నాడు, చేతిలో మంత్రదండం ఉంది. పట్టనంటే ఇక్కడే ఈ క్షణమే చస్తాడు, అక్క కూడా వాడి చేతిలోనే ఉండిపోతుంది. సాన పట్టాలి. వేరే దారి కనబడలేదు.

చక్రం తిప్పాడు. కత్తిని ఎంత తేలిగ్గా ఆనించవచ్చో అంత తేలిగ్గా ఆనించాడు. చెయ్యి వణికింది. రాతి మీద సన్నటి రజను రాలింది. అతను కళ్ళు మూసుకోబోయి, మూసుకుంటే ఎక్కువ అరుగుతుందేమోనని తెరిచే ఉంచాడు.

"ఇదేంటి, ఇవాళ ఇది అరవడం లేదు?" అన్నాడు భస్మకేశుడు చెవి ఒగ్గి. "నిన్నటిదాకా గోల గోలగా అరిచింది."

నా చెయ్యి తేలికగా పడింది, అక్కకు నొప్పి తెలియలేదు, అనుకున్నాడు చిత్రభానుడు. ఆ ఒక్క ఆలోచనతోనే అతను పని ముగించగలిగాడు.

మాంత్రికుడు రజనును దొప్పలోకి ఊడ్చుకుని సంతోషంగా తల ఊపాడు. "చెయ్యి మంచిదే. కొలిమి ఆరకుండా చూస్తుండు. నేను తేనె పట్టుకొస్తాను" అని చక్రాన్ని బయటికి దొర్లించుకుపోయి, దాని మీదెక్కి గాలిలోకి లేచాడు.

వాడు కనుమరుగు కాగానే చిత్రభానుడు కత్తిని దాగలి అంచున పెట్టి సుత్తితో బలంగా కొట్టాడు. అది విరగలేదు, వంగింది. తిప్పి కొట్టాడు. అటు వంగింది. కాలు పెట్టి తొక్కాడు. మైనంలా సాగిందే గాని ముక్క కాలేదు.

అప్పుడు తెలిసింది అతనికి తన పనితనం ఏపాటిదో. ఉక్కును ఎర్రగా ఉండగానే నీళ్ళలో ముంచాలి, అప్పుడే అది గట్టిపడుతుంది. అలా గట్టిపడిన ఉక్కే పుటుక్కున విరుగుతుంది. మనవాడు ఆనాడు కాలిన కత్తి అందాన్ని చూస్తూ నిలబడి, ఎరుపు పోయాక తీరిగ్గా ముంచాడు. అది ఏనాడూ గట్టిపడలేదు. ఇప్పుడు దానిని మళ్ళీ ఎర్రగా కాల్చాలి, చన్నీళ్ళలో ముంచాలి, అప్పుడు విరవాలి. అక్క లోపల ఉండగానే ఇదంతా చెయ్యాలి.

అతను ఇంకేమీ ఆలోచించలేదు. ఆలోచిస్తే చెయ్యలేడని తెలుసు. కత్తిని పట్టకారుతో పట్టి నిప్పుల్లో పెట్టి తిత్తి ఊదడం మొదలుపెట్టాడు.

అలుగు వేడెక్కింది. అప్పుడు వినిపించింది లోపలనుంచి అక్క గొంతు. మాటలు లేవు, అరుపు. చిన్నప్పుడు మేడ మెట్ల మీదనుంచి పడి చెయ్యి విరిగినప్పుడు కూడా ఆమె అలా అరవలేదు. గోడల మీది కత్తులన్నీ ఆ అరుపు విని ఒక్కసారి నిశ్శబ్దమైపోయాయి. చిత్రభానుడు ఏడుస్తూ ఊదాడు. "ఇంకాస్తే అక్కా, ఇంకాస్తే" అంటూ ఊదాడు. ఎరుపు సగంలో ఉండగా ఆపితే కత్తి మళ్ళీ వంగుతుంది, మళ్ళీ మొదటినుంచి కాల్చాలి. అందుకని ఆపకుండా, అలుగంతా ఒకే ఎరుపు వచ్చేదాకా ఊది, ఒక్క ఉదుటున తీసి నీళ్ళతొట్టిలో ముంచాడు. నీళ్ళు బుస్సుమన్నాయి. అరుపు ఆగిపోయింది.

కత్తిని దాగలి అంచుకు ఆనించి కొట్టాడు. ఈసారి ఒక్క దెబ్బకే విరిగింది.

విరిగిన చోటునుంచి పొగ లేచింది. పొగలోంచి కువలయదేవి దాగలి పక్కన నేల మీద పడింది. చీర అంచులు కాలిపోయాయి. మోకాళ్ళ దాకా ఉండే జుట్టు మెడ దగ్గరికి వచ్చేసింది. భుజాలు, చెంపలు ఎవరో చెక్కినట్టు లోపలికి పోయాయి. ఎడమచేతికి చిటికెన వేలు లేదు. అది ఉండవలసిన చోట చర్మం సానపట్టిన రాయిలా నున్నగా ఉంది. అయినా ఊపిరి తీస్తోంది, కళ్ళు తెరిచి తమ్ముణ్ణి గుర్తుపట్టింది.

చిత్రభానుడు ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "ఆ దుర్మార్గుడు నీ వేలు తినేశాడక్కా. వాణ్ణి ఊరికే వదలను."

"జుట్టు వాడు తిన్నాడు. భుజాలు వాడు తిన్నాడు" అంది ఆమె. గొంతు బొంగురుపోయి ఉంది. "ఈ వేలు వాడిది కాదురా భానూ."

అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని చెయ్యి వదిలేయబోయాడు. ఆమె వదలనివ్వలేదు.

"చెయ్యి వణికింది చూడు, అప్పుడే తెలిసింది నువ్వేనని. వాడి చెయ్యి ఎప్పుడూ వణకలేదు."

"మరి అరవలేదేం అక్కా? నీకు నొప్పి తెలియలేదనుకున్నాను."

"తెలిసింది. అరిస్తే నువ్వు ఆపేస్తావని ఊరుకున్నాను."

 గోడల మీది కత్తులు మళ్ళీ మూలగడం మొదలుపెట్టాయి. కువలయదేవి వాటిని ఒక్కొక్కటే తలెత్తి చూసింది. గుహ బయట సానచక్రం నేలకు దిగిన చప్పుడు, తేనెకుండ రాతికి తగిలిన చప్పుడు వినిపించాయి.

ఆమె తమ్ముడి భుజం పట్టుకుని లేచి నిలబడింది. దాగలి పక్కన ఉన్న పట్టకారును మిగిలిన నాలుగు వేళ్ళతో అందుకుని గుహ గుమ్మం వైపు తిరిగింది.